చెప్పులు విప్పని గుడి

గుడి కనిపించగానే చెప్పులు ఎక్కడ విప్పాలా అని వెతుక్కోవడం మనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. టోక్యోలో మెయిజీ జింగూకి మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ అదే చేశాను. స్టాండు లేదు. టోకెన్ ఇచ్చే కుర్రాడు లేడు. పోనీ ఓ మూల చెప్పుల కుప్పయినా ఉండాలి కదా, అదీ లేదు. జనం బూట్లతో, హైహీల్స్‌తో టకటకా మెట్లెక్కి దేవుడికి ఎదురుగా నిలబడుతున్నారు. నేను ఒక కాలి షూ విప్పేసి, రెండోది విప్పాలా వద్దా అని ఒంటికాలి మీద కొంగలా నిలబడ్డాను. తెల్లబట్టల పూజారి ఒకాయన పక్కనుంచి వెళ్తూ నా కాలి వంక చూశాడు. నవ్వలేదు. కొంచెం తల వంచి వెళ్లిపోయాడు. గబగబా షూ తొడుక్కున్నాను. చెప్పులతో దేవుడి ముందు నిలబడ్డ పాపం అలా మొదలైంది. ఆ తర్వాత మూడున్నరేళ్లలో ఎన్నిసార్లు చేశానో లెక్కే లేదు.

అది 2016 జూన్. మా ఆయన ఉద్యోగం వల్ల అంతకు ముందు ఏడాది టోక్యో వెళ్లాం. నిషి-కసాయ్‌లో ఉండేవాళ్లం. టోక్యోలో మన దేశం వాళ్లు ఎక్కువగా ఉండే పేట అది. 2000 ప్రాంతం నుంచి సాఫ్ట్‌వేర్ వాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. కందిపప్పు, చింతపండు, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. మా ఎదురింటివాళ్లది గుంటూరు, కింద ఇంటివాళ్లది చెన్నై. తోజాయ్ లైన్ రైలు ఎక్కేదాకా పరాయి దేశంలో ఉన్నామనే అనిపించదు. ఆ లైన్ జపాన్‌లోనే బాగా కిక్కిరిసిన వాటిలో ఒకటి. ఆ రోజుల్లో పొద్దున్నపూట కిబా స్టేషన్ దాటాక, పెట్టెలో పట్టాల్సినవాళ్లకి దాదాపు రెట్టింపు మంది ఉండేవాళ్లు. అంతమందీ ఒక్క మాట మాట్లాడరు. మన దగ్గర అంత రద్దీలో రెండు స్టేషన్లు దాటేసరికి ఓ గొడవ, ఓ చుట్టరికం బయటపడి ఉండేవి.

ఆ రోజు షిబుయాలో ఇంటర్వ్యూ. హైదరాబాద్‌లో ఆరేళ్లు టెస్టింగ్‌లో పనిచేసినదాన్ని, అడిగినవన్నీ చెప్పాను. చివర్లో ఒకాయన చాలా మర్యాదగా, "మీ జపనీస్ ఇంకొంచెం..." అని ఆ మాటని అక్కడే వదిలేశాడు. జపాన్‌లో మాట మధ్యలో ఆగిపోయిందంటే కాదన్నట్టే అని అప్పటికే నాకు తెలుసు. ఎందుకంటే అది మూడో ఇంటర్వ్యూ. బయటికొచ్చేసరికి వాన అప్పుడే వెలిసింది. ఇంటికెళ్లాలనిపించలేదు. ఎదురింటావిడ తలుపు తీసి "ఏమైంది?" అని అడుగుతుంది, చెప్పాలి. రైలు పట్టాల పక్కనే నడుచుకుంటూ హరజుకు దాకా వచ్చేశాను.

అప్పటికి హరజుకులో ఇంకా పాత స్టేషనే ఉండేది. 1924లో కట్టిన చెక్క భవనం, పైన ఓ చిన్న గోపురం, దాని కొసన గాలి ఎటు వీస్తుందో చూపించే ముల్లు. దానికి దగ్గర్లోనే తకెషిత వీధి. సన్నటి సందు, రెండు వైపులా బట్టల కొట్లు, క్రేప్ దోసెల్లో ఐస్‌క్రీమ్ చుట్టి ఇచ్చే బండ్లు, గులాబీరంగు జుట్టు పిల్లలు. దసరా ముందు ఆదివారం సుల్తాన్‌బజార్ గుర్తొస్తుంది. స్టేషన్ వెనకవైపు మాత్రం చెట్లే కనిపిస్తాయి. అది పార్కేమో, కూర్చోడానికి బెంచీ దొరుకుతుందేమోనని వంతెన దాటాను. బెంచీ లేదు గానీ, పెద్ద చెక్క ద్వారం ఉంది. తోరీ అంటారు దాన్ని. తలుపులు ఉండవు, గోడ ఉండదు, రెండు స్తంభాలు, పైన అడ్డంగా దూలాలు. మన కోటప్పకొండ ప్రభలంత ఆర్భాటం ఏమీ లేదు. రంగు కూడా వెయ్యలేదు.

లోపలికి దారంతా సన్నటి కంకర. అడుగు తీసి అడుగు వేస్తే కరకరమని చప్పుడు. మొదట్లో రైళ్ల మోత వినిపిస్తూనే ఉంటుంది. తర్వాత ఎక్కడ ఆగిపోయిందో తెలియదు, మన అడుగుల చప్పుడే మిగులుతుంది. తడిసిన చెక్క వాసన, మాగిన ఆకుల వాసన. ఐదు నిమిషాల క్రితం ఫ్యాషన్ బొమ్మల మధ్యలో ఉన్నదాన్ని, ఇక్కడ మధ్యాహ్నం రెండింటికే చీకటి పడినట్టుంది. అప్పుడు చూశాను ఆయన్ని. టోపీ పెట్టుకున్న పెద్దాయన, మామూలు చీపుళ్ల కన్నా చాలా వెడల్పుగా ఉన్న చీపురుతో దారి ఊడుస్తున్నాడు. మనలా వంగి ఊడవడం కాదు. నిటారుగా నిలబడి, చీపురుని ఎడమకీ కుడికీ ఊపుతూ, దాని వెనకే నడుస్తున్నాడు. వాన వెలిసిన దారి కదా, తడి ఆకులు కంకరకి అంటుకుపోయి ఉన్నాయి. చీపురు ఒక్కసారి పోతే ఆకు లేస్తోంది, కంకర మాత్రం కదలడం లేదు. ఆ చేతివాటం చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పోగైన ఆకుల్ని సంచిలో వేస్తాడనుకున్నాను. దారి పక్కకి తీసుకెళ్లి, చెట్ల మొదట్లోకి తోసేశాడు.

చెట్ల మీంచి కారిన నీళ్లకి తడిసిన ఫైలు, పాడైపోయిన హెయిర్‌స్టైలు, నేను. ఎవరూ పలకరించలేదు, ఎవరూ చూడలేదు. నాకు కావలసింది అదే. ఆ తర్వాత మనసు బాగాలేనప్పుడల్లా వెళ్లడం మొదలుపెట్టాను. ఓతెమాచిలో దిగి చియోదా లైన్ మారితే మెయిజీ-జింగూమాయె స్టేషన్. రానూ పోనూ కలిపి రెండు గంటలు. మా ఆయనకి కూడా చాలాకాలం చెప్పలేదు. పిల్లలు అటక మీద దాచుకున్న చోటులాగా అనుకోండి.

దాని కథ తర్వాత తెలిసింది. వార్డు తరఫున వారానికో రోజు జపనీస్ నేర్పే పెద్దావిడ ఉండేవారు, మాకు ఆవిడ సెన్సే, అంటే టీచరు. డెబ్బై దాటినావిడ. ఊడ్చేవాళ్లని అక్కడ 'హకియా-సాన్' అంటారని ఆవిడే చెప్పారు. ఊడ్చేవారు అన్నమాట. ఆకుల్ని బయట పారేయరు, అడవిలోకే తిరిగి వెళ్లిపోవాలి, అది ఆ గుడి మొదలుపెట్టినప్పటి పద్ధతి. "అడవి అంటున్నారేంటి, తోట కదా?" అన్నాను. సెన్సే కళ్లజోడు సర్దుకుని, "తోట కాదు, అడవే. కానీ మనుషులు వేసిన అడవి" అన్నారు.

మెయిజీ చక్రవర్తి 1912లో పోయాడు, ఆయన భార్య షోకెన్ మహారాణి 1914లో. వాళ్లిద్దరి కోసం కట్టిన గుడి ఇది, 1920లో ప్రతిష్ఠ జరిగింది. అంతకు ముందు ఆ చోటు చాలావరకు పొదలూ, బురదా, పొలాలూనట. దేశం నలుమూలల నుంచీ జనం సుమారు లక్ష చెట్లు పంపించారు, 365 రకాలు. లక్షా పదివేల మంది కుర్రకారు వచ్చి జీతం లేకుండా నాటారు. ఇదంతా చెప్తున్నప్పుడు సెన్సే గొంతులో పెద్ద గర్వమేమీ లేదు, బస్సు టైములు చెప్తున్నట్టు చెప్పారు. 1945 వైమానిక దాడుల్లో గుడి కాలిపోయింది, పచ్చటి చెట్లు కావడంతో అడవి మాత్రం చాలావరకు నిలిచింది. 1958లో మళ్లీ కట్టారు. అప్పుడు ఆవిడ స్కూలుపిల్ల, వాళ్ల నాన్నగారు తీసుకెళ్లారట. ఏం గుర్తుందంటే, కొత్త చెక్క వాసన గుర్తుందన్నారు.

2017 నవంబర్‌లో అత్తయ్యగారూ మామయ్యగారూ వచ్చారు. రాజమండ్రి దాటి పెద్దగా ఎక్కడికీ వెళ్లని మనుషులు. మూడు నెలల వీసా. పెట్టెల నిండా ఆవకాయ, మినప సున్నుండలు, మామయ్యగారి బీపీ మాత్రలు. మా ఆయన పొద్దున్నే ఆఫీసుకి పోతాడు, కాబట్టి ఊరు చూపించే డ్యూటీ నాది. టవర్లు చూపించాను, షాపింగ్ మాల్స్ చూపించాను. మామయ్యగారు అన్నిటికీ "బావుందమ్మా" అనేవారు, మూడో అంతస్తుకి వచ్చేసరికి కూర్చోడానికి చోటు వెతుక్కునేవారు. అత్తయ్యగారు నాలుగో రోజు అడిగేశారు. "ఏమ్మాయ్, ఈ ఊళ్లో గుడే లేదా?"

నా దాచుకున్న చోటు బయటపెట్టక తప్పలేదు. కొంచెం మనసొప్పలేదని కూడా ఒప్పుకుంటాను. అత్తయ్యగారు ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉండలేరు.

మామయ్యగారు ముప్ఫై నాలుగేళ్లు అటవీ శాఖలో చేసి రిటైరయ్యారు. దారిలో లోపల ఇంకో తోరీ ఉంది, ఇంకా పెద్దది. దాని దగ్గరికి రాగానే ఆయన ఆగిపోయారు. స్తంభం మీద అరచెయ్యి పెట్టి, చుట్టూ తిరిగి, మళ్లీ పైకి చూశారు. "ఇది ఒక్క చెట్టా?" అన్నారు. అవును, ఒక్కో స్తంభం ఒక్కో చెట్టు. ఎత్తు 12 మీటర్లు. పాతది 1966లో పిడుగు పడి దెబ్బతింటే, అంత చెట్టు జపాన్‌లో దొరక్క తైవాన్ నుంచి తెచ్చిన సైప్రస్‌తో 1975లో మళ్లీ నిలబెట్టారు. ఆ చెట్టు వయసు పదిహేను వందల ఏళ్లకు పైనే అని చెప్పాను. "కొట్టేటప్పుడు వాళ్ల చేతులెలా ఆడాయో" అన్నారాయన. అత్తయ్యగారు ఈలోగా ద్వారానికి దణ్ణం పెట్టేసి, లోపలికి నడిచేశారు.

అంతకు ముందే దారిలో సాకే పీపాల గోడ వచ్చింది, తెల్లటి పీపాల మీద నల్లటి రాతలతో. సాకే అంటే బియ్యంతో చేసే జపాన్ మద్యం. వాటికి ఎదురుగా ఫ్రాన్స్ నుంచి వచ్చిన వైన్ పీపాలు. అవేంటని అడిగితే చెప్పాను. "దేవుడికి సారా పెడతారా!" అని అత్తయ్యగారు చెంపలేసుకున్నారు. మామయ్యగారు, "మీ పుట్టింటివాళ్లు అమ్మవారికి కల్లు సాక పొయ్యరూ?" అన్నారు. కాసేపు కంకర చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

చేతులు కడుక్కునే చోట నాకు టెన్షన్ మొదలైంది. రాతి తొట్టి, మీద వరసగా వెదురు గరిటెలు. కుడి చేత్తో గరిటె పట్టి ఎడమ చెయ్యి కడగాలి, తర్వాత కుడి చెయ్యి, తర్వాత ఎడమ అరచేతిలో పోసుకుని నోరు పుక్కిలించాలి, చివర్లో గరిటెని నిలువుగా ఎత్తి దాని కాడ మీదుగా నీళ్లు జారనివ్వాలి. ఇదంతా ముందే ట్రైనింగ్ ఇచ్చి తీసుకెళ్లాను. అత్తయ్యగారు అన్నీ సరిగ్గానే చేశారు, నోటి దాకా వచ్చేసరికి చెయ్యి తనంతట తానే గోకర్ణంలా ముడుచుకుంది. కుడి చేతిలో నీళ్లు పోసుకుని, మూడుసార్లు తాగి, మిగిలిన తడిని తలకి రాసుకున్నారు. పక్కనున్న అమ్మాయిలు గరిటెలు పట్టుకుని అలాగే చూస్తున్నారు. "అత్తయ్యగారూ, అది తాగకూడదు" అన్నాను నెమ్మదిగా. "గుళ్లో నీళ్లు తాగకూడనివి ఎలా అవుతాయమ్మా?" అన్నారావిడ. దానికి నా దగ్గర జవాబు లేదు.

ప్రధాన మందిరం ముందు ఆవరణలో జనం బాగానే ఉన్నారు. నవంబర్ కదా, మూడేళ్ల, ఐదేళ్ల, ఏడేళ్ల పిల్లల్ని కిమోనోలు కట్టి గుడికి తీసుకొచ్చే రోజులు. ఓ మూడేళ్ల బుడ్డది తన పొడుగు మిఠాయి సంచిని నేల మీద ఈడ్చుకుంటూ పోతోంది. అదే సమయానికి పెళ్లి ఊరేగింపు వచ్చింది. ముందు పూజారులు, గుడి సేవ చేసే ఎర్ర పావడాల మికో అమ్మాయిలు, పెద్ద ఎర్ర గొడుగు కింద పెళ్లికూతురు. తలనుంచి పాదం దాకా తెలుపు. "పెళ్లికూతురికి ఆ తెల్లబట్టలేంటి, అశుభం" అని అత్తయ్యగారు గొణిగారు. మామయ్యగారు ఆవిడ వైపు తిరిగి, "నీ మధుపర్కాలు ఏ రంగే?" అన్నారు. ఆవిడ ఆలోచించారు. "ఎర్రంచు ఉందిగా" అన్నారు, కొంచెం ఆలస్యంగా.

అప్పుడే చూసుకున్నాను, ఆవిడ పాదాలకి చెప్పులు లేవు. ఉన్ని సాక్సుల మీద చల్లటి రాళ్లపై నిలబడి ఉన్నారు. నేను ఎన్నిసార్లు చెప్పినా వినకుండా, మందిరం పక్కన చెట్టు కింద విప్పేసి వచ్చారు. వెనక్కి తిరిగి చూస్తే ఒక జపనీస్ ముసలావిడ ఆ చెప్పుల దగ్గర వంగి ఉంది. తిడుతుందేమో, సెక్యూరిటీని పిలుస్తుందేమో అనుకున్నాను. ఆవిడ రెండు చెప్పుల్నీ జత చేసి, ముందు భాగం బయటికి వచ్చేలా తిప్పి పెట్టింది. వాళ్ల ఇళ్లలో గుమ్మం దగ్గర అలా పెడతారు, వెళ్లేటప్పుడు నేరుగా కాళ్లు దూర్చుకోవచ్చని. చేతులు దులుపుకుని, మా వంక చూసి తల వంచి వెళ్లిపోయింది.

ఐదు యెన్ల నాణెం వెయ్యాలని చెప్పి ఇద్దరికీ చెరొకటి ఇచ్చాను. ఐదు యెన్లని గో-ఎన్ అంటారు, అదే పలుకుకి బంధం అని కూడా అర్థం. నాణానికి మధ్యలో చిల్లు ఉంటుంది. మామయ్యగారు దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "చిల్లుకాణీ! మా అమ్మ డబ్బాలో ఉండేవి" అని చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. వెయ్యడానికి మనసు రాక, మామూలు పది యెన్లు వేసి దాన్ని జేబులో పెట్టుకున్నారు. రెండుసార్లు వంగాలి, రెండు చప్పట్లు కొట్టాలి, మళ్లీ ఒకసారి వంగాలి. అత్తయ్యగారు ఇవన్నీ చేశాక, తన లెక్క ప్రకారం మూడు ఆత్మప్రదక్షిణలు కూడా చేసేశారు. ఆ తర్వాత మెడ చాచి లోపలికి చూశారు. తెరలు, చెక్క నేల, ఆ వెనక మసక చీకటి.

"విగ్రహం ఏదమ్మా?"

"ఉండదండీ. రాజుగారూ రాణిగారూ దేవుళ్లు ఇక్కడ."

"మనిషికి గుడా?"

మామయ్యగారు అందుకున్నారు. "కాటన్ దొరకి మనం పెట్టట్లేదా దణ్ణం? ధవళేశ్వరంలో మా నాన్న రోజూ స్నానం చేసి ఆయన పేర శ్లోకం చదివేవాడు కాదూ." గోదావరి జిల్లాలవాళ్లకి ఇంక చెప్పక్కర్లేదు. ఆ ఒక్క మాటతో మెయిజీ చక్రవర్తి ఆవిడ లెక్కలో దేవుడైపోయాడు. మళ్లీ వెళ్లి ఇంకో దణ్ణం పెట్టుకున్నారు.

మందిరానికి ఎడమ పక్కన రెండు పెద్ద చెట్లున్నాయి, రెంటినీ కలిపి గడ్డితాడు కట్టి, తెల్ల కాగితాలు వేలాడదీశారు. వాటిని ఆలుమగల చెట్లంటారు. కింద రాతి మీద రాలి ఉన్న ఓ ఆకుని మామయ్యగారు తీశారు. అలవాటుగా రెండు వేళ్ల మధ్య నలిపి వాసన చూశారు. ఒక్క క్షణం ఆయన ముఖం మారిపోయింది. ఏమీ మాట్లాడకుండా ఆ ఆకుని అత్తయ్యగారి ముక్కు దగ్గర పెట్టారు.

"కర్పూరం!" అన్నారావిడ.

నేను ఏడాదిన్నరగా ఆ చెట్ల పక్కనే నడుస్తున్నాను. 'కుసు' అని పేరు తెలుసు, బోర్డు చదవడం వచ్చు. ఆకు నలిపి చూడాలని ఒక్కసారి తోచలేదు. నేనూ నలిపాను. అచ్చం హారతి పళ్లెం ముందు నిలబడ్డట్టే ఉంది, కాస్త పచ్చి వాసన కలిసి. ఒకప్పుడు ప్రపంచంలో కర్పూరం చాలావరకు తైవాన్ నుంచి, జపాన్ నుంచే వచ్చేదని, ఈ చెట్టు చెక్కని ముక్కలు చేసి ఆవిరి పట్టి తీసేవారని మామయ్యగారు అక్కడే నిలబడి క్లాసు పీకారు. అత్తయ్యగారికి ఇవేవీ పట్టలేదు. చెట్టుని కిందనుంచి పైదాకా చూసి, "ఇంత కర్పూరం గుమ్మంలో పెట్టుకుని హారతి ఇవ్వరేంటమ్మా వీళ్లు?" అన్నారు.

ఆకుని మామయ్యగారు చొక్కా జేబులో వేసుకోబోయారు. ఇక్కడి ఆకు ఇక్కడి మట్టిలోకే వెళ్లాలట అని చెప్పాను. వెంటనే తీసేశారు. ఎక్కడ తీశారో అక్కడ పెట్టలేదు, రాయి మీద ఎండిపోతుందని చెట్టు మొదట్లో మట్టి మీద పెట్టారు.

ఆవరణలో ఇంకో కర్పూరం చెట్టు చుట్టూ ఎమాలు వేలాడదీస్తారు, కోరికలు రాసే చెక్కపలకలు. వేల పలకలు, అన్ని భాషలవీ ఉంటాయి. అంతకు ముందు ఒకసారి వాటిలో తెలుగు కనిపించి గుండె ఝల్లుమంది. "అన్నయ్యకి వీసా రావాలి, అమ్మ మోకాళ్లు తగ్గాలి" అని, పేరు లేకుండా. ఎవరో, ఏ ఊరివాళ్లో. అత్తయ్యగారికో పలక కొనిచ్చాను. ఆవిడ పక్కకెళ్లి, పెన్ను పట్టుకుని, చాలాసేపు రాశారు. మనవడి గురించే అయి ఉంటుందని నేను దూరంగా నిలబడ్డాను. మాకు పెళ్లయి అప్పటికి ఐదేళ్లు, ఆవిడ నాతో ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, కానీ దేవుడితో ఎత్తకుండా ఉంటారా. కట్టడానికి నా చేతికిచ్చినప్పుడు చూశాను. పలక నిండా చీమల బారులా 'శ్రీరామ శ్రీరామ శ్రీరామ'. ఖాళీ లేదు. ఆవిడ అప్పటికి పదేళ్లుగా రామకోటి రాస్తున్నారు, ప్రయాణంలో నాలుగు రోజులు పుస్తకం తీయలేదట, బాకీ ఇక్కడ తీర్చేశారు.

తిరిగి వచ్చే దారిలో హకియా-సాన్ కనబడ్డాడు. నేను 2016లో చూసిన ఆయనేనో కాదో తెలియదు. అత్తయ్యగారు నడక ఆపి, చీపురు పని చూశారు. ఆవిడ జన్మలో రోజూ పొద్దున్నే వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లిన మనిషి. "చెయ్యి తిరిగినవాడమ్మా" అన్నారు. మామయ్యగారు మాత్రం ఆకులు ఎటు పోతున్నాయో చూస్తున్నారు. సెన్సే చెప్పిన కథంతా అప్పుడు చెప్పాను. ఒకుమా షిగెనొబు అనే ప్రధానమంత్రి, నిక్కో అనే ఊరి గుడి దగ్గర ఉన్నట్టు ఇక్కడా గంభీరంగా సుగి అనే సూది ఆకుల చెట్లు నాటమన్నాడని. హోండా సెయిరోకు అనే అటవీ శాస్త్రజ్ఞుడూ ఆయన శిష్యులూ ఒప్పుకోలేదని. నిక్కో సుగినీ టోక్యో సుగినీ పోల్చి చూపించి, ఈ నేలలో, ఈ పొగలో అవి బతకవు, వెడల్పాకుల పచ్చటి చెట్లే నిలుస్తాయి అన్నారని. మొదట పైన్లు పైకి లేస్తాయి, వాటిని వేరే సూది ఆకుల చెట్లు దాటేస్తాయి, నూరేళ్ల తర్వాత ఓక్ చెట్లూ కర్పూరం చెట్లూ అన్నిటినీ దాటి, ఇక మనిషి చెయ్యి అక్కర్లేని అడవి అవుతుందని, నూటయాభై ఏళ్ల దాకా దశలవారీగా బొమ్మలు గీసి పెట్టారని.

మామయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తోరీ దగ్గరికి వచ్చాక అన్నారు. "ప్రధానమంత్రికి ఎదురు చెప్పాడా?" కాసేపాగి, "మేం నాటినవన్నీ కొట్టడానికే నాటాం. టేకు ఇన్నేళ్లకి, యూకలిప్టస్ ఇన్నేళ్లకి. రిజిస్టర్లో నాటిన తారీకు పక్కనే కొట్టే ఏడాది కూడా ఉండేది" అన్నారు. రైలెక్కాక నిద్రపోయారు.

ఆ మూడు నెలల్లో ఇంకో ఆరుసార్లు వెళ్లాం. కొత్త సంవత్సరం రోజు వెళ్లడం తప్పు. మూడు రోజుల్లో ముప్ఫై లక్షల మంది వస్తారు అక్కడికి, పుష్కరాల జనం. మందిరం ముందు పెద్ద తెల్లగుడ్డ పరిచేస్తారు, వెనకవాళ్లు విసిరిన నాణాలు మన తలల మీదుగా పోతుంటాయి. మామయ్యగారి బట్టతలకి ఒకటి తగిలింది. చిల్లుకాణీ కాదు, పది యెన్లదట, చూసి మరీ చెప్పారు.

జనవరి చివర్లో వాళ్లు వెళ్లిపోయాక ఒక్కదాన్నే వెళ్లాను. నాకెంతో ఇష్టమైన ఆ నిశ్శబ్దం అలాగే ఉంది. తోరీ, కంకర, పీపాలు. పీపాల దగ్గర "సారా పెడతారా" అనేవాళ్లు లేరు. తొట్టి దగ్గర పద్ధతి ప్రకారం నోరు పుక్కిలించి ఊసేశాను. అరగంటలో ఇంటికి బయల్దేరాను.

ఆ ఏడాదే ఓ చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది, తర్వాత వెళ్లడం తగ్గింది. 2019 చివర్లో హైదరాబాద్ వచ్చేశాం. మరుసటి ఏడాదే హరజుకు పాత స్టేషన్ కూల్చేశారని ఫోన్లో చూశాను.

టోక్యో నుంచి రాజమండ్రి తిరిగి వెళ్లిన నెలకే మామయ్యగారు కడియం నర్సరీలన్నీ తిరిగి కర్పూరం మొక్క పట్టుకొచ్చారు. మోకాలెత్తు మొక్క, మొత్తం పదిహేను ఆకులు. వీడియో కాల్‌లో అవి లెక్కపెట్టి చూపించారు. రాలిన ఆకుని దాని మొదట్లోనే వెయ్యాలని ఇంట్లో రూలు పెట్టారు. చిల్లుకాణీ పూజగదిలో, రామకోటి పుస్తకాల పక్కన ఉంటుంది.

మొన్న సంక్రాంతికి వెళ్లాం. చెట్టు మేడ దాటింది. అత్తయ్యగారు తెల్లారకుండానే వాకిలి ఊడ్చి, ఆకులన్నీ గేటు పక్కన కుప్పపెట్టి, ముగ్గు వేసుకుంటున్నారు. మామయ్యగారు పేపరు మడిచి పక్కన పెట్టి, చేట తెచ్చి, కుప్పనంతా ఎత్తి మళ్లీ చెట్టు మొదట్లో పోసి వచ్చారు. గాలి వీచింది. సగం ఆకులు తిరిగి వాకిట్లోకి, తడి ముగ్గు మీదకి. అత్తయ్యగారు నడుం మీద చెయ్యి వేసుకుని నా వంక చూశారు.

"ఆ రాజుగారి గుడికి తీసుకెళ్లింది నువ్వే కదమ్మా" అని, మళ్లీ చీపురు అందుకున్నారు.